అశ్విని పట్టిన బంతి

మొదటి సగమంతా అశ్విని దగ్గరికి బంతి రాలేదు. ఒక్కటంటే ఒక్కటి రాలేదు. పసుపు జెర్సీ వేసుకుని, చేతులకు గ్లవ్స్ బిగించుకుని, మగపెళ్ళివారి బస్సు కోసం వీధి మొగలో నిలబడ్డ మేనమామలా గోలు ముందు నిలబడే ఉంది పిల్ల, బస్సు రాలేదు. గడ్డి మీద పరిచిన పాత దుప్పటి అంచున కూర్చుని పద్మావతి అదంతా చూసింది, చూసి కూతురి జట్టు మీద పళ్ళు నూరింది. కూతురి జట్టు ఇంత బాగా ఆడుతున్నందుకు లోకంలో ఇంకే తల్లికీ ఇంత కోపం వచ్చి ఉండదు. కాస్త తప్పులు చేయకూడదూ, ఒక్క బంతిని అలా వదిలేయకూడదూ, అది దొర్లుకుంటూ వచ్చి మా అశ్విని చేతుల్లో పడకూడదూ అని ఆమె మనసులో బతిమాలుకుంటుంటే, ముందర బ్యాక్‌గా ఆడుతున్న షారోన్ వచ్చిన ప్రతి బంతినీ కాలితో, మోకాలితో, ఓసారి మొహంతో కూడా ఆపి పారేసింది. ఎంత మంచి పిల్లో, ఎంత అడ్డమో. పక్కనే కూర్చున్న షారోన్ వాళ్ళమ్మ మార్తమ్మ "శెభాష్ బిడ్డా" అన్నప్పుడల్లా పద్మావతి కూడా "శెభాష్" అంటూనే ఉంది, పళ్ళ మధ్య నుంచి. ఈలోగా అవతలి కొసలో తమవాళ్ళు ఒక గోలు కూడా వేసేశారు. ఒకటి–సున్నా. ఆ సున్నాలో అశ్విని చేసిందేమీ లేదు.

ఇప్పుడు రెండో సగం నడుస్తోంది. విరామంలో పిల్లలిద్దరూ జెర్సీలు మార్చుకున్నారు. వాళ్ళ ఫుట్‌బాల్ అకాడమీకి కీపరు జెర్సీ ఉన్నది ఒక్కటే. పద్మావతీ మార్తమ్మా ఆ దుప్పటినే చెరో కొస పట్టుకుని తెర కడితే, లోపల కిచకిచలు, "ఛీ ఎంత చెమటే నీకు", "నిల్చుంటెనే ఇంత చెమటా" అన్న వెక్కిరింతలు, తర్వాత తెర దించేసరికి పసుపులో షారోన్, ఎరుపులో అశ్విని. నిల్చుంటేనే అన్న మాట పద్మావతికి గుచ్చుకుంది. నిలబడడం పని కాదా? ఆమె ఆ పని మూడేళ్ళు చేసింది. అనంతపురంలో ఆడపిల్లల కాలేజీలో బీయస్సీ లెక్కలు చదివే రోజుల్లో బాల్ బ్యాడ్మింటన్ జట్టులో ఆమె ఎక్స్‌ట్రా. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల పావడా, తెల్ల చొక్కా, తెల్ల బూట్లు. కర్నూలు పోయినా కడప పోయినా మడత నలగకుండా తిరిగొచ్చేవి. వాళ్ళమ్మ ఆ బట్టలు చూసి మా పద్మ ఎంత శుభ్రంగా ఆడుతుందో అని వీధంతా చెప్పుకుంది. జట్టు గెలిచిన ఫోటోలో చివర నిలబడి అందరికంటే తెల్లగా మెరిసింది ఆమే. అందుకే సీజన్ మొదట్లో మొయిన్ సార్, పాతబస్తీ మైదానాల్లో ఆడి ఆడి మోకాళ్ళరిగిన కోచ్, ఇద్దరు కీపర్లనూ పక్కపక్కన నిలబెట్టి, "ఇద్దరూ మంచిగనే ఉన్నరమ్మా. ఒకర్ని కూసోబెడితే నాకు నిద్రపట్టదు. సగం సగం ఆడిపిస్త" అన్నప్పుడు, ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది ఆమెకు. మోకాళ్ళ నొప్పులాయన, మొహమాటపడతాడని ఊరుకుంది. ఒక మ్యాచ్‌లో మొదటి సగం అశ్వినిది, రెండోది షారోన్‌ది; మరుసటి మ్యాచ్‌లో తారుమారు. సీజన్ పొడుగునా అదే పద్ధతి. లెక్కలు చదివిన ఆడది కాబట్టి సగానికి సగం సమానమని నమ్మింది. ఇవ్వాళ తెలిసింది, ఈయన సమానంగా పంచింది నిమిషాలను మాత్రమే, బంతులను కాదు.

మామూలుగానైతే ఒక పిల్ల గోల్లో ఉంటే రెండో పిల్ల బయట కూర్చుంటుంది. ఇవ్వాళ బయట కూర్చోడానికి మనుషులే లేరు. సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచీ బస్సులు లేవు, బళ్ళు లేవు, బొగ్గు రాక కరెంటు లేదు, ఇవ్వాళ ఆటోలు కూడా లేవు; ఏడుగురు ఆడాల్సిన ఆటకు సరిగ్గా ఏడుగురే చేరారు తెల్లాపూర్‌లో ఈ పెద్ద అపార్టుమెంట్ల మధ్య మైదానానికి. దాంతో కీపర్లిద్దరూ లోపలే ఉన్నారు, ఒకరు గోల్లో, ఒకరు బ్యాక్‌లో. బాచుపల్లి నుంచి ఆ ఇద్దరినీ, మార్తమ్మనూ తన కారులో వేసుకొచ్చింది పద్మావతే. భర్త యశ్వంత్ లేడు. బంద్ రోజున మూసిన మాదాపూర్ ఆఫీసు ఆదివారం తెరుచుకుని బాకీ తీర్చుకుంటోంది. ఉన్నా వద్దనేవాడు. మియాపూర్ దగ్గర నిజంగానే దారి లేదు. రోడ్డుకడ్డంగా బతుకమ్మలు పేర్చి సమ్మెలో ఉన్న టీచరమ్మలు చుట్టూ తిరుగుతున్నారు, తంగేడుపూల పసుపు తారు మీద రాలి ఉంది. అద్దం దించగానే ఒకావిడ వంగి, ఎటు పోతున్నరని అడిగింది. పద్మావతికి నోరుంది, డిగ్రీ ఉంది, కానీ ఆ నోరు విప్పితే అందులోంచి అనంతపురం వస్తుంది. మూసుకుంది. పెళ్ళయి ఇన్నేళ్ళలో యశ్వంత్ సాధించలేనిది ఆ కూడలి ఒక్క నిమిషంలో సాధించింది. మార్తమ్మే ముందుకు వంగి, "పిల్లల ఆట ఉన్నదమ్మా, తెల్లాపూర్ల" అంది. "సమ్మెల ఆటేందమ్మా?" "మీరాడేది ఆట గాదా? మీరాడితే లేనిది మా పిల్లలాడొద్దా?" ఆవిడ నవ్వేసింది, అయితే దిగి ఒక్క చుట్టు ఆడి పోవాలని షరతు పెట్టింది. దిగారు. మార్తమ్మకు మెదక్ దిక్కు చిన్నతనంలో వాడకట్టు పిల్లలతో ఆడిన అడుగులు ఇంకా కాళ్ళల్లోనే ఉన్నాయి. ఆ వలయంలో అడుగు తప్పింది ఒక్కరే. పక్కావిడ చూసి, ఏ ఊరమ్మా మీది అనబోతుంటే, "మా చెల్లె" అని మార్తమ్మ చప్పట్లు కొడుతూనే చెప్పేసింది, ఊరి పేరు అవసరం లేనట్టు. కారు వెనక సీట్లో ఇద్దరు గోల్‌కీపర్లూ కడుపులు పట్టుకుని నవ్వారు.

తెలంగాణ వస్తుందా రాదా అన్న సంగతి మీద మాత్రం మామూలుగా ఇద్దరూ మాట్లాడుకోరు. పిల్లల జ్వరాలు, ఉల్లిపాయ ధర, అత్తగార్లు, అన్నీ నడుస్తాయి. ఒక్కసారే, కరెంటు పోయి మెట్ల మీద కూర్చున్నప్పుడు, "వస్తది పద్మా, రాక యాడికి పోతది" అంది మార్తమ్మ విసనకర్ర ఊపుకుంటూ. "వస్తే రానీలే అక్కా, మమ్మల్ని పొమ్మనకుంటే చాలు" అంది పద్మావతి. "నిన్నెవడు పొమ్మంటడే? నువ్వు పోతే కారెవలు నడుపుతరు?" అంతటితో ఆ చర్చ ముగిసింది. టీవీలో పెద్దవాళ్ళు రాత్రుళ్ళు తేల్చలేకపోతున్నదాన్ని మెట్ల మీద ఇద్దరాడవాళ్ళు అంత తొందరగా తేల్చినందుకు పద్మావతికి కొంచెం గర్వంగానే అనిపించింది అప్పుడు.

ఇదిగో, మళ్ళీ. గచ్చిబౌలి జట్టు పొడుగుపిల్ల, జడ నడుము దాకా ఉన్నది, బంతి తీసుకుని వచ్చేస్తోంది, అడ్డం వెళ్ళాల్సింది అశ్విని, వెళ్ళింది, కాలు చాపింది, బంతి ఆ కాలికి నమస్కారం పెట్టి పక్కనుంచి పోయింది. షారోన్ పడి ఆపింది. చప్పట్లు. మళ్ళీ అదే దారి, అదే కాలు, మళ్ళీ షారోన్. మళ్ళీ చప్పట్లు. అశ్విని కాళ్ళు కాళ్ళ పని చేయవు, అవి ఆ చేతుల్ని అక్కడికీ ఇక్కడికీ మోసుకెళ్ళడానికి మాత్రమే పుట్టినవి. ఆ పిల్ల బ్యాక్‌లో ఎంత చెడ్డగా ఆడితే గోల్లో షారోన్ అంత గొప్పగా కనిపిస్తోంది. షారోన్ బ్యాక్‌లో అంత బాగా ఆడబట్టే గోల్లో అశ్విని అసలు కనిపించనేలేదు. ఇదంతా ఏ లెక్కలో వేయాలి? మైదానం గీత మీద చేతులు కట్టుకుని నిలబడ్డ మొయిన్ సార్ ఇదంతా చూస్తున్నాడు, చూడాల్సిన రోజే ఇది. నాగపూర్ టోర్నమెంటుకు ఒక్క కీపర్నే తీసుకెళ్తారట, అక్కడ సగం సగం కుదరదట, ఈ చివరి మ్యాచ్ చూసి పేరు చెప్తానన్నాడు పొద్దున ఫోన్లో. ఆ మాట విన్నప్పటి నుంచి అశ్విని ఇడ్లీ ముట్టలేదు. నాగపూర్ అంటే ఏముందే, నారింజపళ్ళు తప్ప, అంది పద్మావతి తేలిగ్గా. "నంబర్ వన్ జెర్సీ ఉంటదమ్మా" అంది పిల్ల.

ఆ చేతులు ఎక్కడివనుకున్నారు వీళ్ళంతా? అకాడమీవి కావు. పద్మావతి వంటింటివి. రైతుబజారు నుంచి సంచి తేగానే గడప దగ్గరే కూలబడి, ఒక్కో ఉల్లిపాయనూ వంటింటి మూలకు విసిరేది, అక్కడ బుట్ట దగ్గర నాలుగేళ్ళ అశ్విని పట్టుకుని అందులో వేసేది. లేచి వెళ్ళడానికి బద్ధకం వేసి మొదలుపెట్టిన ఆట. తర్వాత ఎత్తుగా, తర్వాత వంకరగా, తర్వాత చెప్పకుండా వెనకనుంచి. బంగాళాదుంపలు, నిమ్మకాయలు, ఒకసారి యశ్వంత్ చూస్తుండగా కొబ్బరికాయ. ఆయన కేకేశాడు, పిల్ల పట్టుకుంది. ఇదంతా ఏ కోచింగ్ పుస్తకంలోనూ లేదు. మార్తమ్మకు చెబితే ఆమె ఏమాత్రం తగ్గలేదు. ఆమె కాన్పుల వార్డులో నర్సు. "నా చేతిల పడ్డ పిల్లలెంతమందో నీకెరుకనా? ఒక్కర్ని జారిడువలే. నా బిడ్డకు చేతులు గట్ల రాకుంట ఎట్లొస్తయ్?" అంది. ఉల్లిపాయలతో పసిపిల్లల మీద గెలవడం కష్టం. పద్మావతి ఆ రోజు ఓడిపోయినట్టు ఒప్పుకోలేదు, కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళింది.

ఎండ వాలింది, అపార్టుమెంట్ల నీడ సగం మైదానాన్ని కప్పేసింది, ఆట కూడా అయిపోవచ్చింది. ఇక చాలు, ఇలాగే ముగిసిపోతే చాలు, గెలిచారు, షారోన్ నాగపూర్ వెళ్తుంది, సరే, దార్లో పిల్లకు మిర్చిబజ్జీలు కొనిపెట్టాలి, ఏ బండైనా ఉంటే, సమ్మె కదా, ఇంట్లో శనగపిండి ఉందో లేదో అని ఆమె శనగపిండి డబ్బా దాకా వెళ్ళిపోయింది, అప్పుడే పొడుగుపిల్ల దూరంనుంచి కొట్టింది. షారోన్ ముందుకు వచ్చి ఉంది, బంతి ఆమె తలమీదుగా ఎగిరింది, వెనక గోలు ఖాళీ, బంతి వంపు తిరిగి పైమూలకు దిగుతోంది, అందరికీ తెలిసిపోయింది, గచ్చిబౌలి తల్లులు లేచి నిలబడి నోళ్ళు కూడా తెరిచారు. అప్పుడు ఎక్కడనుంచో, ఎర్ర చొక్కాలో, వెనక్కి పరుగెడుతూ పరుగులోనే నేలను వదిలేసింది అశ్విని. అంత ఎత్తు ఎగరగలదని కన్నతల్లికే తెలియదు. రెండు ఉత్త చేతులూ పూర్తిగా చాచి, బంతిని మూలలోనుంచి పండు కోసినట్టు కోసి, గుండెకు హత్తుకుని, భుజం మీద పడి, దొర్లి, లేచి, బంతిని ఒకసారి నేలకు కొట్టి, "పైకి పోండి, పైకి పోండి" అని జట్టును అదిలించింది. పద్మావతి లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. చెంగు జారింది, సర్దుకోలేదు. ఉల్లిపాయలన్నీ, నిమ్మకాయలన్నీ, గంజి బట్టల్లో గడిచిన మూడేళ్ళూ ఆ చప్పట్లలో ఉన్నాయి. చాలాసేపటికి ఆమెకు వినిపించింది, మైదానం మొత్తం మీద చప్పట్లు కొడుతున్నది తను ఒక్కతే. మార్తమ్మ ఆమె చెంగు పట్టుకుని లాగుతోంది. "కూసో పద్మా, కూసో." ఆ క్షణంలో అశ్విని గోల్‌కీపర్ కాదన్న సంగతి అక్కడ ఇద్దరికే గుర్తు లేదు, అశ్వినికీ వాళ్ళమ్మకూ.

రిఫరీ కుర్రవాడు మంచివాడిలాగే ఉన్నాడు. చిన్నపిల్లకు ఎర్రకార్డు చూపించడం ఇష్టం లేక కాబోలు, ఉన్న రెండు జేబుల్లోనూ ఆ కార్డు వెతుక్కోడానికి చాలాసేపు తీసుకున్నాడు. తీశాడు. పెనాల్టీ. అశ్విని చేతిలోని బంతివైపు చూసుకుంది, అది ఎవరో అక్కడ పెట్టి వెళ్ళినట్టు. తర్వాత దాన్ని మెల్లగా కింద పెట్టి, ఎవరివైపూ చూడకుండా గీత దాటి బయటికి వచ్చింది. మొయిన్ సార్ నెత్తిమీద టోపీ తీసి, పెట్టుకుని, మళ్ళీ తీశాడు. "అమ్మా, ఏం చెప్పాలె నేను. రెడ్ పడ్డది. వచ్చే రెండు మ్యాచులు బంద్. నాగపూర్ తోల్కపోలేను ఇగ."

"తెలుసు సార్."

"కానీ జర చూసిన్రా ఎట్ల పట్టిందో!" అన్నాడు ఆయన, అనకూడని మాట అన్నట్టు వెంటనే అటు తిరిగిపోయాడు.

పిల్ల వచ్చి దుప్పటి మీద కూర్చుంది. ఏడవలేదు. మోచేయి చీరుకుపోయి మట్టీ రక్తమూ కలిసి ఉన్నాయి. మార్తమ్మ అప్పటికే సంచీలోంచి దూది తీసి ఆ చేయి తన ఒళ్ళోకి లాక్కుంది. "ఎందుకు పెట్టినావే చెయ్యి?" అంది పద్మావతి. తిట్టినట్టు అందామనుకుంటూనే పిల్ల జుట్టులోని గడ్డి దులిపింది. "నేను పెట్టలే అమ్మా," అంది అశ్విని. "అదే పోయింది." అవును, అదే పోతుంది. పడుతున్నదాన్ని చూస్తే ఆ చేయి అడిగి వెళ్ళదు. అలా పెంచింది ఎవరు మరి. నంబర్ వన్ జెర్సీ మీద ఆశపెట్టుకుని ఇడ్లీ మానేసిన పిల్ల, తన సగం అయిపోయిందని కూడా మరిచిపోయి, ఇంకొకరి సగంలో, ఇంకొకరి గోలుకు అడ్డం ఎగిరింది. ఇంత చక్కని తప్పు ఈ ఊళ్ళో ఇంకెవరైనా చేశారా అని పద్మావతి చుట్టూ చూసింది. ఎవరూ చేసిన దాఖలాలు కనబడలేదు.

పొడుగుపిల్ల బంతిని చుక్క మీద పెట్టుకుంటోంది. గోల్లో పసుపు జెర్సీలో షారోన్, ఒక్కతే, చిన్నగా. మార్తమ్మ కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది, చేతిలో దూది అలాగే ఉంది. పద్మావతి బుర్ర, ఎప్పుడో లెక్కలు చదివిన బుర్ర, ఊరుకోలేదు. ఎటు పోయినా నాగపూర్ షారోన్‌దే. అందులో మార్పులేదు. కానీ ఇప్పుడు బంతి లోపలికి పోతే అశ్విని పట్టిన పట్టు ఉత్త తప్పు అవుతుంది, తప్పుగానే మిగిలిపోతుంది, రేపటినుంచి అపార్టుమెంట్ లిఫ్టులో "అదే ఆ రోజు చెయ్యి పెట్టిన పిల్ల" అంటారు. ఆగితే, ఆగితే మాత్రం, అది గోలు కాలేదన్నమాట, ఎందుకు కాలేదంటే మొదట ఒకరు పట్టారు కాబట్టి. తన కూతురు పట్టిన బంతి విలువ తేలేది మార్తమ్మ కూతురి చేతుల్లో. ఇంత స్వార్థంతో పద్మావతి ఎన్నడూ పరాయి పిల్ల కోసం మొక్కుకోలేదు. వెంకటరమణా అంది, పక్కన మార్తమ్మ ప్రభువా అంటోంది, ఇద్దరు దేవుళ్ళకూ ఒకే పని పడింది.

"కదలకు," అంటోంది అశ్విని మెల్లగా, తనలో తనే. "షారోన్, కదలకే. తొందరగా దూకుతవ్ ఎప్పుడూ. నిలబడు." ఆ మాట అంత దూరం వినబడదు. కానీ సీజనంతా ఒకరు కొడుతుంటే ఇంకొకరు ఆపుతూ, తొందరగా దూకినప్పుడల్లా ఒకర్నొకరు తిట్టుకున్న పిల్లలు వాళ్ళు. షారోన్ భుజం ఎడమకు వంగింది, వంగి, ఆగింది. నిలబడిపోయింది. పొడుగుపిల్ల బలమంతా పెట్టి నడిమధ్యకు కొట్టింది. బంతి షారోన్ మోకాళ్ళకు తగిలింది, అక్కడనుంచి గడ్డానికి తగిలింది, పైకి లేచింది, అడ్డకర్రకు కొట్టుకుంది, బయటికి పోయింది. పిల్ల వెల్లకిలా పడింది. అందంగా పట్టింది చెల్లలేదు, అడ్డదిడ్డంగా తగిలింది చెల్లింది, ఇదేం ఆట అనుకునే తీరిక పద్మావతికి లేదు, ఆమె మళ్ళీ లేచి నిలబడి ఉంది. ఈసారి చప్పట్లు ఆమె ఒక్కదానివి కావు. అశ్విని గీత దాటి లోపలికి ఉరకబోతే మొయిన్ సార్ చొక్కా వెనక పట్టుకుని ఆపుతున్నాడు, ఆపుతూ తనే ఎగురుతున్నాడు, అరిగిన మోకాళ్ళ మీద.

మార్తమ్మ ఇంకా కళ్ళు తెరవలేదు. తడుముకుంటూ పద్మావతి చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. "ఏమైందే? చెప్పవేంది? నా బిడ్డ ఆపిందా?"

ఔనంటే సరిపోయేది. ఇరుగుపొరుగు మర్యాద అది. మార్తమ్మ మధ్యాహ్నం మియాపూర్ రోడ్డు మీద తనను చెల్లెను చేసుకున్న మనిషి. కానీ ఊరంతా ఎవరి వాటా వాళ్ళు గొంతెత్తి అడుగుతున్న కాలంలో, తానొక్కతే మర్యాదగా నోరు మూసుకుని ఎందుకు కూర్చోవాలో పద్మావతికి అర్థం కాలేదు. ఇందాకటినుంచి మూసుకున్నది చాలు. నోరు విప్పింది, అందులోంచి అనంతపురం నిండుగా వచ్చింది.

"సగం ఆపిందక్కా నీ కూతురు."

మార్తమ్మ కళ్ళు తెరిచింది. "సగమేందే?"

"ఆ గోలులో రెండో సగం మీది. మొదటి సగం మాది. నేను ఇడిసేది లేదు."

"ఓయమ్మో, గీడ గూడ వాటానా నీకు!" అని మార్తమ్మ చేతిలోని దూదితోనే ఆమె భుజం మీద ఒక్కటి వేసింది, వేసి, అశ్విని కోసం చుట్టూ చూసి, "రాయే ఇట్ల, చెయ్యి తే" అని కేకేసింది. "మా సగం గోలు ఆపిన చెయ్యి."

"మీది కాదు, మా సగం," అంది పద్మావతి.